ఆ చీటీలో ఒక్క వరుసే ఉంది

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఆదోని. నాకు ఇరవై రెండేళ్లు. పదిహేనో ఏట నుంచి కర్నూలులో ఒక అన్న దగ్గర బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. కోచింగ్ ఇచ్చేదీ, నా తరఫున పోటీలు కుదిర్చేదీ ఆయనే. రెండేళ్లుగా టికెట్లు పెట్టి పోటీలు జరిపేదీ ఆయనే. మొన్న కర్నూలులో ఒక ఫంక్షన్ హాల్లో ఆరు రౌండ్ల పోటీలో బెంగళూరు కుర్రాడి మీద గెలిచాను. నలభై వేలు ఇస్తానని వాట్సాప్‌లో పెట్టారు. 22,500 వచ్చింది, అది కూడా రెండు విడతలుగా, ఎవరిదో తెలియని నంబరు నుంచి. మిగతాది ఏమైందని అడిగితే ఒక చీటీ ఇచ్చారు. దాని ఫొటో పంపుతున్నాను. మళ్లీ అడిగితే ‘టీడీఎస్, మెడికల్, ప్రయాణం, రూము, నా కమీషన్’ అన్నారు. పోటీకి ముందు నాకు 500 రూపాయల టికెట్లు అరవై ఇచ్చారు. స్నేహితులకు, అమ్మ పనిచేసే జిన్నింగ్ మిల్లు వాళ్లకు అమ్మి 30,000 ఆయన చేతికే ఇచ్చాను. పోటీలో కనుబొమ్మ చీలి ఏడు కుట్లు పడ్డాయి. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

పదిహేడో ఏట స్టాంపు పేపరు మీద ఐదేళ్ల అగ్రిమెంటుకు సంతకం పెట్టాను. డిసెంబరుతో గడువు అయిపోతుంది. ఆ తర్వాత కూడా రెండేళ్ల పాటు ఎవరు పోటీకి పిలిచినా ముందు ఆయనకే చూపించాలని అందులో ఉందట. కాగితం ఆయన దగ్గరే ఉంది. ఇప్పుడు కొత్త అగ్రిమెంటు రాసుకుందాం అంటున్నారు. మా నాన్న పోయినప్పుడు పది వేలు చేతిలో పెట్టింది ఆయనే. ఏళ్ల తరబడి గుడ్లు, పాలు ఆయన డబ్బుతోనే తిన్నాను. లెక్క అడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు అవుతుందని అమ్మ అంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం: నాయనా, నా చిన్న కొడుకు నీకంటే ఏడాది పెద్ద. అందుకని మీరు అనకుండా నువ్వు అనే రాస్తున్నాను.

నువ్వు పంపిన ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. రూళ్ల నోటుపుస్తకంలోంచి చింపిన అరకాగితం. పైన పెన్సిలుతో నీ పేరు, దాని పక్కన 40,000. కింద ‘ఖర్చులు 17,500’. ఒక గీత. గీత కింద 22,500. తేదీ లేదు, సంతకం లేదు. ఆరు రౌండ్లు దెబ్బలు తిని సంపాదించిన డబ్బులో దాదాపు సగం ‘ఖర్చులు’ అనే ఒక్క మాటలో కలిసిపోయింది.

మా నాన్న కర్నూలు మార్కెట్ యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేశారు. ఉల్లిగడ్డల సీజనులో రాత్రి ఇంటికి వచ్చాక కూడా తక్‌పట్టీలు రాసుకుంటూ కూర్చునేవారు. పలచటి కాగితాలు, మధ్యలో కార్బను. ఎన్ని బస్తాలు, తూకం ఎంత, క్వింటాలు ధర ఎంత, తరుగు ఎంత, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, చివరికి రైతు చేతికి ఎంత. ఒక్కో కోతకు ఒక్కో వరుస. ఆ కోతలన్నీ న్యాయమైనవని నేను చెప్పను. తరుగు పేరుతో రైతును ముంచిన రోజులు నాన్నే చెప్పేవారు. కానీ కోతకు ఒక పేరు, ఆ పేరు ఎదుట ఒక అంకె ఉండేది. అందుకే మరునాడు పొద్దున్నే రైతు ఆ కాగితం పట్టుకుని వచ్చి, తరుగు ఇంత ఎందుకు తీశారని నిలదీయగలిగేవాడు. ఒకసారి ఒక పెద్దాయన తన తక్‌పట్టీ మీద వేలు పెట్టి, హమాలీ రెండుసార్లు పడిందని మా నాన్నకే చూపించాడు. నాన్న తప్పు ఒప్పుకుని తిరిగి రాశారు. నీ చీటీ మీద వేలు పెట్టడానికి చోటే లేదు. అందులో ఉన్న అసలు లోపం అదే.

ఇంకొక లెక్క నువ్వు గమనించావో లేదో. నువ్వు ఆయనకు ఇచ్చింది 30,000. ఆయన నీకు ఇచ్చింది 22,500. అంటే నీ చేతికి వచ్చిన ప్రతి రూపాయీ మీ ఆదోని వాళ్లు, మీ అమ్మతో పాటు పత్తి దుమ్ములో పనిచేసే వాళ్లు పెట్టిన టికెట్ డబ్బే. అది పోను ఇంకా 7,500 ఆయన దగ్గరే మిగిలింది. కనుబొమ్మ కుట్ల ఖర్చు దానికి అదనం. గెలిచిన బాక్సరువు నువ్వు, చేతి చమురు వదిలినవాడివీ నువ్వే. బ్రిటన్‌లో, అమెరికాలో చిన్న పోటీల్లో కూడా స్థానిక బాక్సర్ల చేత టికెట్లు అమ్మించడం చాలాకాలంగా ఉంది. అది నేరమేమీ కాదు. కానీ అలా అమ్మించినప్పుడు నువ్వు రింగులో బాక్సరువే కాదు, బయట ఆయన అమ్మకందారువు కూడా. ఆ పనికి రసీదు వేరే ఉండాలి, వాటా వేరే ఉండాలి. ఆ 30,000 గురించి నీ చీటీలో ఒక్క అక్షరం లేదు.

ఇక ఆయన నోటితో చెప్పిన కోతలు. ముందు టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. క్రీడాకారులకు ఇచ్చే ఫీజు మీద పది శాతం టీడీఎస్ కోయాలన్న నిబంధన ఉన్నమాట నిజం. అయితే ఒకే వ్యక్తి లేదా సంస్థ నుంచి ఏడాదిలో వచ్చే మొత్తం 50,000 దాటితేనే అది వర్తిస్తుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30,000 ఉండేది. నిజంగా కోసి ఉంటే ఆ డబ్బు నీ పాన్ నంబరు మీద ప్రభుత్వానికి జమ కావాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో నీ పాన్‌తో లాగిన్ అయి చూస్తే ఎవరు ఎంత కోశారో, ఎంత కట్టారో కనిపిస్తుంది. కోసినవాళ్లు మూడు నెలలకోసారి ఆ లెక్క దాఖలు చేస్తారు కాబట్టి కొంత ఆలస్యం ఉండవచ్చు. నీకు పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు కూడా. ఇంతకీ ఆయన నీ పాన్ నంబరు ఎప్పుడైనా అడిగారా? అడగకపోతే టీడీఎస్ అనే మాటను అక్కడే పక్కన పెట్టు.

ప్రయాణం, రూము అన్నారు. నువ్వు ఆదోని నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చి ఉంటావు. రూములో దిగింది ఎవరు? బెంగళూరు నుంచి వచ్చిన ఆ అబ్బాయి, అతని కోచ్. వాళ్లను రప్పించే ఖర్చు పోటీ పెట్టిన వాళ్లది. దాన్ని నీకు రావాల్సిన పోటీ డబ్బులోంచి తీయాలంటే ముందే చెప్పి, నువ్వు ఒప్పుకుని ఉండాలి. మెడికల్ అన్నారు. రక్త పరీక్షలు చేయించి ఉంటే ల్యాబు రిపోర్టు, బిల్లు నీ పేరు మీదే ఉంటాయి. ఆ బిల్లు చూపించమను. అంతే.

కమీషన్ దగ్గర కాస్త ఆగాలి. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. నీకు ఎక్కువ డబ్బు ఇప్పించడం మేనేజరు పని. అందుకు అతనికి కమీషన్. తక్కువలో పోటీ నడిపించుకోవడం ప్రమోటరు, అంటే పోటీ పెట్టేవాడి అవసరం. ఈ రెండు కుర్చీల్లోనూ ఒకరే కూర్చుంటే బేరం ఎవరు ఎవరితో ఆడినట్టు? యార్డులో సరుకు అమ్మిపెట్టేవాడు, కొనేవాడు, కాటా వేసేవాడు ఒకడే అయితే రైతు గతి ఏమిటో మీ అమ్మను అడుగు, చెబుతుంది. నీ అన్న మంచివాడే కావచ్చు. మంచివాడికి కూడా ఆ చోటు మంచిది కాదు.

ఇది మన ఊళ్లోనే పుట్టిన జబ్బు కాదని నీకు తెలియాలి. 1980 అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో ముహమ్మద్ అలీ, లారీ హోమ్స్‌తో తలపడ్డాడు. అప్పటికి అలీకి ముప్పై ఎనిమిదేళ్లు. పది రౌండ్లు ఒంటి మీద దెబ్బలు పడ్డాక రింగు మూలన ఉండే అతని సొంత శిక్షకులే పోటీ ఆపించారు. ఆ పోటీకి 80 లక్షల డాలర్లు ఇస్తానని ఒప్పుకున్న ప్రమోటరు డాన్ కింగ్ పది లక్షల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చాడు. అలీ దావా వేశాడు. చివరికి 50,000 డాలర్ల నగదు తీసుకుని సంతకం పెట్టి ఆ దావా వదులుకున్నాడు. అప్పటికే మాట తడబడుతున్న మనిషి. ప్రపంచమంతా పేరు తెలిసిన వాడి లెక్కే అలా తేలింది. తర్వాత మైక్ టైసన్ కూడా అదే ప్రమోటరు మీద 1998లో పది కోట్ల డాలర్లకు దావా వేసి, 2004లో కోటీ నలభై లక్షలకు రాజీ పడ్డాడు.

2000 సంవత్సరం మే నెలలో అమెరికా ఒక చట్టం చేసి దానికి అలీ పేరే పెట్టింది. ఆ చట్టం ప్రకారం ఒక పోటీ వల్ల తనకు ఎంత రాబోతోందో, బాక్సరు డబ్బులోంచి ఏయే పేర్లతో ఎంత కోస్తున్నాడో, ముందు ఒప్పుకున్న దానికంటే ఏమైనా తగ్గిస్తున్నాడో ప్రమోటరు ఆ బాక్సరుకు చెప్పి తీరాలి. చెప్పేదాకా ఆ పోటీ మీద తాను ఒక్క పైసా తీసుకోవడానికి వీల్లేదు. పెద్ద పోటీల స్థాయి బాక్సర్లకు ప్రమోటరే మేనేజరుగా ఉండకూడదని కూడా రాశారు. అంతకు ముందే 1996లో చేసిన మరో చట్టం రింగు పక్కన డాక్టరు, అంబులెన్సు, బాక్సరుకు గాయాల బీమా తప్పనిసరి చేసింది. నీ కనుబొమ్మ ఖర్చు ఎవరి మీద పడాలో ఆ చట్టం రాసినవాళ్లకు అప్పుడే తెలుసు.

మన దేశంలో 2015లో విజేందర్ సింగ్ ప్రొఫెషనల్ రింగులోకి వెళ్లాక నీలాంటి పిల్లలు చాలామంది ఆ దారి వైపు చూస్తున్నారు. కానీ ప్రొఫెషనల్ బాక్సరుకు ఇలా లెక్క చూపించాలనే ప్రత్యేక చట్టం మనకు లేదు. కాబట్టి ఆ చట్టంలోని మాటలను నువ్వే నీ అగ్రిమెంటులోకి తెచ్చుకోవాలి.

పాత అగ్రిమెంటు సంగతి ముందు చెబుతాను. సంతకం పెట్టేనాటికి నీకు పదిహేడేళ్లు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు. 1903లో, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ ఆ విషయం తేల్చి చెప్పింది, నేటికీ మన కోర్టులు దాన్నే పాటిస్తున్నాయి. పద్దెనిమిది నిండాక ‘ఆ పాతదానికి ఒప్పుకుంటున్నాను’ అన్నా దానికి ప్రాణం రాదు, కొత్తగా రాసుకోవాలి. అయితే మేజరువయ్యాక నాలుగేళ్లు ఆయనతోనే పనిచేశావు కాబట్టి దాన్ని ఎలా చూడాలో కాగితం చదివిన న్యాయవాదే చెప్పాలి. ఆయన ముఖం మీద ఈ మాట విసిరేయకు. మొన్నటి పోటీ డబ్బుకు దీనితో సంబంధం లేదు. నలభై వేలు ఇస్తానన్న మాట నువ్వు మేజరువయ్యాక వాట్సాప్‌లో ఇచ్చిన మాట. ఆ సంభాషణ చెరిపేయకు, ఫోను మార్చినా జాగ్రత్త చెయ్యి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. దానికి జత చేయాల్సిన ధ్రువపత్రం సంగతి న్యాయవాది చూసుకుంటారు.

గడువు అయ్యాక రెండేళ్ల వరకు ఎవరు పిలిచినా ముందు ఆయనకే చూపించాలన్న షరతు గురించి నువ్వు నిద్ర పాడుచేసుకోవద్దు. సరిగ్గా ఇలాంటి షరతే క్రికెటర్ జహీర్ ఖాన్ విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక సంస్థతో అతనికి మూడేళ్ల ఒప్పందం ఉండేది. అది ముగిశాక కూడా వేరేవాళ్లు ఇచ్చే అవకాశాన్ని ముందు తమకే చూపించాలని ఆ సంస్థ పట్టుబట్టింది. గడువు ముగిశాక మనిషి వృత్తికి అడ్డం పడే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ గడువు నడుస్తున్నంతకాలం ‘నాకు తప్ప ఇంకెవరికీ ఆడకూడదు’ అనే షరతు సంగతి వేరు. దాన్ని కోర్టులు సాధారణంగా తప్పుపట్టవు. అందుకే కొత్తదాంట్లో ఎన్నేళ్లు అనే అంకె దగ్గర బాగా ఆలోచించు. నన్నడిగితే ఒక్క ఏడాదికి మించి రాయవద్దు.

ఆ కొత్త కాగితంలో ప్రతి పోటీకి నీకు వచ్చే మొత్తం, అది ఏ రోజున వస్తుందన్నది ఉండాలి. సగం బరువు చూసే రోజున, మిగతాది పోటీ ముగిసిన రాత్రే, నీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోకి. కోతలు ఏవైనా ఉంటే పేరు పేరునా, ఎంతకు మించకూడదో అంకెతో సహా, బిల్లు చూపించి మాత్రమే. అందులో రాయని కోత ఏదీ చెల్లదని ఒక వాక్యం. రింగులో తగిలిన గాయానికి వైద్యం ఎవరి ఖర్చో ఒక వాక్యం. టికెట్లు అమ్మిపెడితే వాటికి వేరే రసీదు, వేరే వాటా. నీ తరఫున బేరమాడటానికి ఆయన కాకుండా ఇంకొకరు, మీ మేనమామ అయినా సరే. కాగితం రెండు ప్రతులు, ఒకటి నీ ఇంట్లో.

వీటన్నిటికంటే ఆయనకు కష్టంగా అనిపించేది ఇంకొకటి ఉంది, నువ్వు వదులుకోకూడనిదీ అదే. పోటీ అయిన పదిహేను రోజుల్లో ఆయనకు ఎంత వచ్చిందో నీకు చూపించాలి: ఎన్ని టికెట్లు తెగాయి, ఏ దుకాణం ఎంత ఇచ్చి బ్యానరు కట్టించుకుంది, యూట్యూబులో చూపించినందుకు ఏమైనా వచ్చిందా. మన పల్లెల్లో తిరునాళ్లకు ఎడ్ల బండలాగుడు పెడితే ఊరి గోడల మీద కరపత్రం అతికిస్తారు కదా. మొదటి బహుమతి ఎంత, ఆ డబ్బు ఇస్తున్న దాత ఎవరు, రెండోది ఎంత, దాని దాత ఎవరు, అన్నీ అచ్చులో ఉంటాయి. మైకులో కూడా చెబుతారు. ఎడ్లను తోలుకొచ్చిన రైతుకు ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో ముందే తెలుసు. రింగులో రక్తం కార్చిన నీకు ఆ పాటి హక్కు లేదా?

ఆయన వైపు నుంచి కూడా చూశాను. నేను విన్నది నీ మాట ఒక్కటే. హాలు అద్దె, రింగు అద్దె, రెఫరీలు, డాక్టరు, అంబులెన్సు, కరెంటు, బెంగళూరు నుంచి వచ్చినవాళ్ల ఖర్చు. కర్నూలులో బాక్సింగ్ టికెట్లకు జనం క్యూ కట్టరు. ఆయన తన చేతి డబ్బు పోగొట్టుకుని ఉండవచ్చు కూడా. నిజంగా అలా జరిగి ఉంటే ఆ లెక్క చూపించడం ఆయనకే మేలు. ‘ఈసారి నష్టం వచ్చింది, నీకు ఇంత బాకీ ఉన్నాను’ అని నిజం చెప్పే మనిషితో ఇంకో పదేళ్లు నడవవచ్చు.

ఇక మీ అమ్మ మాట. ఆమె భయం నాకు అర్థమైంది. భర్త పోయిన రోజున ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఆడవాళ్లు మరిచిపోరు. ఆ పది వేలు, ఆ గుడ్లు, పాలు నిజంగా జరిగిన ఉపకారమే. వాటిని వేరే పుస్తకంలో రాసుకో, వీలైనప్పుడు తీర్చుకో. ఆయన బిడ్డ పెళ్లికి వారం ముందే వెళ్లి పందిరి వెయ్యి. కానీ తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఎదుటివాడి ఇంటి మీద కన్నువేయడం. నువ్వు అడుగుతున్నది నీ చేతుల కూలి. మిల్లులో శనివారం కూలి తక్కువ వస్తే మీ అమ్మ మేస్త్రీని అడగకుండా ఇంటికి వస్తుందా? ఆ ప్రశ్న ఆమెనే మెల్లగా అడుగు.

జిమ్ములో పదిమంది ఎదుట అడగవద్దు. కోపంలో ఫోను చేయవద్దు. ఈ మాటలు వాట్సాప్‌లో పంపు, మార్చుకోవాలంటే మార్చుకో:

‘అన్నా, నమస్కారం. మొన్నటి పోటీకి 40,000 అనుకున్నాం. 22,500 అందింది. మిగతా 17,500 ఏయే ఖర్చులకు పోయిందో వరుసగా రాసి, బిల్లులు ఉంటే ఫొటోలు పెట్టండి. టీడీఎస్ కట్టి ఉంటే ఆ సర్టిఫికెట్ కూడా. నేను అమ్మిన అరవై టికెట్ల డబ్బు 30,000 మీకు ఇచ్చాను, దానికి ఒక రసీదు ఇవ్వండి. పాత అగ్రిమెంటు కాపీ ఒకటి కావాలి. ఇవి చూసుకున్నాక కొత్తదాని గురించి కూర్చుని మాట్లాడుకుందాం. మీరు చేసింది నేను ఎప్పటికీ మరవను.’

చివరి వాక్యం తీసేయకు. అది నిజం కాబట్టే పెట్టాను.

పదిహేను రోజులు చూడు. నీళ్లు నమిలినా, కోప్పడినా ఆదోని కోర్టు ఆవరణలో ఉన్న మండల న్యాయ సేవల కమిటీకో, కర్నూలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకో వెళ్లు. ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు న్యాయవాదిని ఉచితంగానే ఇస్తారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. డబ్బు కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి తొందరపడి తెగతెంపులు చేసుకోవాల్సిన పని లేదు. లెక్క తేలేదాకా కొత్త కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. రాత్రి పదకొండు గంటలకు ఇంటికి వచ్చి ‘రేపే ఆఖరు రోజు’ అన్నా సరే.

ఈలోగా ఒక పని చెయ్యి. ఆ అరవై టికెట్లు ఎవరెవరు కొన్నారో గుర్తున్నంతలో ఒక పుస్తకంలో పేర్లు రాసుకో. మీ అమ్మకు మిల్లు వాళ్ల పేర్లన్నీ తెలిసి ఉంటాయి, పక్కన కూర్చోబెట్టుకో. ఆయన ఏమని జవాబిచ్చారో నాకు రాయి. కనుబొమ్మ కుట్లు విప్పగానే గ్లౌజులు తొడగకు. పైన మానినట్టు కనిపించినా లోపల చర్మం గట్టిపడటానికి ఇంకా వారాలు పడుతుంది, డాక్టరు చూసి సరే అనేదాకా స్పారింగ్, అంటే ఎదుటివాడితో సాధన పోటీ వద్దు.